సంత యెవరిది?

మా మేనమామ ఆర్.ఎం.ఎస్.లో సార్టరుగా ముప్ఫై యేళ్లు పనిచేసి రిటైరయినాడు. రైలుపెట్టెలో నిలబడి వుత్తరాలను వూళ్లవారీగా గళ్లలో పడెయ్యటం ఆయన వుద్యోగం. చిన్నప్పటినించీ తపాలాబిళ్లలు పోగుచెయ్యటం ఆయనకున్న వొకే వొక వ్యసనం. పెన్షను పుచ్చుకోవటం మొదలుపెట్టాక ఆ వ్యసనమే చిన్న వ్యాపారమయింది. నిజాం ప్రభుత్వపు బిళ్లలు, సంస్థానాల బిళ్లలు, పాత కార్డులూ కవర్లూ ఇంటర్నెట్‌లో వేలానికి పెట్టేవాడు. కొనేవాళ్లు యెక్కడెక్కడో వుండేవాళ్లు. నెలకు మందుల ఖర్చు వెళ్లేటంత వచ్చేది. అంతకన్న యెక్కువ ఆయన ఆశించనూలేదు, రానూలేదు.

సుమారు పదేళ్ల కిందట, నేను కాలేజీలో చేరిన కొత్తలో, ఆయన సరుకు పెట్టే విదేశీ వేలం సంస్థ రుసుము పెంచింది. కమీషను కాదు, సరుకు అమ్ముడయినా కాకపోయినా, అక్కడ పెట్టినందుకే యిచ్చుకోవలసిన రుసుము. మన సంత భాషలో చెప్పాలంటే ఆశీలు. ఆయన వొక పాత కవరు వెనకాల లెక్క వేసుకుంటూ కూచున్నాడు. నేను అప్పుడు ‘పెట్టుబడి’ మూడో సంపుటంలో భూమి కౌలును గురించిన అధ్యాయాలు చదువుతున్నాను. చదివిన వేడి యింకా చల్లారలేదు. “మానెయ్యి మావయ్యా. వూరికే అమ్ముకోనిచ్చే చోట్లు బోలెడున్నాయి. వీళ్లకు కప్పం కట్టటం యెందుకు?” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశాడు. చదువుకున్న మేనల్లుడి మాట తీసెయ్యకూడదనుకున్నాడు కాబోలు, సరేనన్నాడు.

ఉచితంగా పెట్టుకోనిచ్చే వొక చోట నలభై సరుకులు పెట్టాడు. అయిదు వారాలయింది. మూడంటే మూడు అమ్ముడయాయి. మూడూ వొక్కొక్కడే పాడి, మొదటి పాటకే పట్టుకుపోయాడు. వాటిలో ఆయన యెంతో ఆశ పెట్టుకున్న నిజాం బిళ్ల వొకటుంది. అది రెండు కాఫీల ఖరీదుకి పోయింది. ఆరోవారం మాట్లాడకుండా పాత చోటికే తిరిగి వెళ్లాడు. పాతబేరాలు కొందరు యీలోగా వేరేవాళ్ల దగ్గిర అలవాటు పడిపోయారు. వాళ్లను మళ్లీ రాబట్టుకోవటానికి ఆయనకు ఆర్నెల్లు పట్టింది. నన్ను వొక్క మాట అనలేదు. నేనే వుండబట్టలేక అడిగితే యింత మాత్రం చెప్పాడు: “ఒరేయ్ అబ్బాయ్, సంతలో ఆశీలు యిచ్చేది చోటుకి కాదురా. జనానికి.”

నాకు సిగ్గేసింది. నష్టం వచ్చినందుకు కాదు. వొక మనిషి బతుకుతెరువును గురించి ఆయన కవరు వెనకాల వేసుకున్న లెక్కను చూడకుండానే, పుస్తకంలో చదివినదాన్ని పట్టుకుని తీర్పు చెప్పినందుకు. యీ తప్పు నేనొక్కణ్నే చేశానని అనుకోను. మన వేదికల మీద, తరగతుల్లో, మనం చాలామందికి చాలా తేలిగ్గా “వదిలెయ్యండి” అని చెపుతూ వుంటాం. అందుచేత యీ లెక్కను మొదటినించీ చూడటం మంచిదనిపించింది.

అమ్మేవాడి లెక్కలో వున్న చిక్కేమిటో వొక వుదాహరణతో చూద్దాం. 2004లో ఈబేలో డాలరులోపు ప్రారంభ ధరతో సరుకు పెడితే రుసుము 30 సెంట్లు. అమ్ముడయితే ధరలో మొదటి 25 డాలర్ల మీద కమీషను నూటికి 5.25. కాగితం మీద యిది చాలా స్వల్పంగా కనిపిస్తుంది. కాని పది సరుకులు పెడితే మూడే అమ్ముడయాయనుకోండి, వొక్కొక్కటి నాలుగు డాలర్లకు పోయిందనుకోండి. చేతికొచ్చింది 12 డాలర్లు. పది సరుకులకూ రుసుము 3 డాలర్లు. కమీషను 63 సెంట్లు. అంటే అమ్మకంలో నూటికి ముప్ఫై పోయింది. అందులో అధికభాగం అమ్ముడుపోని సరుకు తెచ్చిపెట్టిన భారం. నాలుగువందల డాలర్ల కెమేరా అమ్మేవాడికి యీ 30 సెంట్లు లెక్కలోకే రావు. రుసుము అందరికీ వొకటే. భారం మాత్రం చిన్నవాడికే. సమానంగా కనిపించే పన్ను అసమానంగా పడటం మనకు కొత్త సంగతేమీ కాదు.

యిదంతా చూసి “అయితే ఉచితమే మేలు గదా” అనుకోవటం సహజం. యిక్కడే నేను పొరబడ్డాను. వేలంలో ధరను నిర్ణయించేది గెలిచినవాడు కాదు, ఓడినవాడు. మొదటివాడు వంద పెట్టటానికి సిద్ధంగా వున్నా, రెండోవాడు నలభై దగ్గిర ఆగితే సరుకు నలభైకి కొంచెం పైన పోతుంది. రెండోవాడే లేకపోతే మొదటి పాటకే పోతుంది. ఉచితమైన చోట మా మావయ్యకు దొరకనిది యీ రెండోవాడే. కొనేవాళ్లు అమ్మేవాళ్లున్న చోటికి వస్తారు, అమ్మేవాళ్లు కొనేవాళ్లున్న చోటికి పోతారు. వొకసారి యీ చక్రం వొకచోట తిరగటం మొదలుపెడితే యింకోచోట తిరగదు. దానికితోడు ఉచితమైన చోట అమ్ముడుపోని సరుకునే వారంవారం తిరిగి పెట్టినా యెవడికీ ఖర్చు లేదు, సరుకు పేరుకుపోతుంది, వెతికేవాడు విసుగెత్తి వెళ్లిపోతాడు.

చరిత్ర చూస్తే యిది స్పష్టంగా తెలుస్తుంది. 1995 సెప్టెంబరులో పియేర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామరు కాలిఫోర్నియాలో ‘ఆక్షన్‌వెబ్’ అనే పేరుతో దీన్ని మొదలుపెట్టినప్పుడు అది పూర్తిగా ఉచితం. జనం పెరిగేసరికి ఇంటర్నెట్ కనెక్షనుకు ఆయన కట్టే అద్దె పెరిగింది. 1996లో అమ్మకం మీద చిన్న శాతం యిమ్మని అడిగాడు. జనం చెక్కులూ, కవర్లలో చిల్లర నాణాలూ పంపించారు. అంటే మొదట్లో అది సంత ఖర్చును సంతలోవాళ్లు పంచుకోవటం. 1997లో దాని పేరు ఈబే అయింది. 1998 సెప్టెంబరులో వాటాలు బజారులోకి వచ్చాయి. ఆనాటినించీ రుసుము అనేది ఖర్చు పంచుకోవటం కాదు. ప్రతి మూడు నెలలకూ వాటాదార్లకు చూపించవలసిన పెరుగుదల. పేరు మారలేదు, వసూలు చేసే పద్ధతీ మారలేదు. సంబంధం మారింది.

పోటీదార్లు రాకపోలేదు. 1998లోనే యాహూ అమెరికాలో ఉచితంగా వేలంపాటలు మొదలుపెట్టింది. సరుకు వచ్చింది, పాడేవాళ్లు తగినంతగా రాలేదు. 2001 జనవరిలో యాహూ కూడా సరుకు పెట్టటానికి రుసుము పెడితే సరుకు వొక్కసారిగా కుంగిపోయింది. ఆ వచ్చినవాళ్లు ఉచితం కోసమే వచ్చారు గాని సంత కోసం కాదన్నమాట. 2005లో తిరిగి ఉచితం చేసింది. 2007లో అమెరికాలో మూసేసింది. జపాన్‌లో కథ తిరగబడింది. అక్కడ యాహూ 1999లోనే ఉచితంగా మొదలుపెట్టి జనాన్ని ముందే కూడగట్టింది; 2000లో రుసుముతో వచ్చిన ఈబే 2002లో వెనక్కి పోయింది. ఆ తరవాత యాహూ అక్కడ తీరిగ్గా రుసుము వసూలు చేసుకుంది. చూడండి: గెలిపించింది ఉచితమూ కాదు, వోడించింది రుసుమూ కాదు. ముందు యెవడు జనాన్ని పోగుచేశాడన్నదే ప్రశ్న.

చైనా అనుభవం దీన్ని చివరిదాకా నడిపించి చూపిస్తుంది. ఈబే 2002, 2003 సంవత్సరాల్లో అక్కడి ‘ఈచ్‌నెట్’ను కొనేసింది. 2003 మేలో ఆలీబాబా సంస్థ ‘తావొబావొ’ అనే సంతను తెరిచి, మూడేళ్లపాటు రుసుము లేదంది. 2005లో యింకో మూడేళ్లు పొడిగించింది. 2006 డిసెంబరుకల్లా ఈబే అక్కడి తన సైటు మూసుకుంది. చిన్న వర్తకులు గెలిచినట్టే కనిపించింది. కాని అదే 2006లో తావొబావొ, డబ్బిచ్చిన సరుకును ముందువరసలో చూపించే పద్ధతి పెట్టింది. చోటు ఉచితమే, కనపడటానికి మాత్రం డబ్బు! వర్తకులు తిరగబడితే అప్పటికి వెనక్కి తీసుకుంది. 2011 అక్టోబరులో, దాని పెద్ద బజారుగా పెట్టిన ‘తావొబావొ మాల్’లో యేటా 6,000 యువాన్లుండే రుసుమును 30,000కు, 60,000కు పెంచుతామని ప్రకటించారు; ధరావతు కూడా పెంచారు. వేలమంది చిన్నవర్తకులు ఇంటర్నెట్‌లో కూడి, పెద్ద దుకాణాల్లో సరుకు కొన్నట్టు కొని తిప్పికొడుతూ ఆ బజారును స్తంభింపజెయ్యటానికి పూనుకున్నారు. ప్రభుత్వ వాణిజ్యశాఖ కలగజేసుకోవలసి వచ్చింది. పాతవాళ్లకు గడువు దొరికింది. పెంపుదల మాత్రం రద్దు కాలేదు. ఉచితం అనేది పరిత్యాగం కాదు, మదుపు అని దీనివల్ల తేలుతుంది. విత్తనం వూరికే యిచ్చినవాడు పంటలో వాటా అడగకుండా వుంటాడా?

అమెరికాలో అమ్మేవాళ్లు చూస్తూ వూరుకున్నారనుకోకూడదు. 2005 జనవరిలో ఈబే రుసుములు పెంచినప్పుడు వుత్తరాలు వెల్లువెత్తాయి. ఉత్తర అమెరికా విభాగం అధిపతి బిల్ కాబ్ క్షమాపణ చెప్పుకుని, అతి చిన్న సరుకు మీది 30 సెంట్ల రుసుమును 25కు తగ్గించాడు. అయిదు సెంట్ల విజయం! నవ్వకండి, పైన వేసిన లెక్కలో పెట్టి చూస్తే చిన్నవాడికి అది చిన్న విజయం కాదు. 2008లో సరుకు పెట్టే రుసుము తగ్గించి, మొదటి 25 డాలర్ల మీది కమీషనును 5.25 నించి 8.75కు లేపారు. కొనేవాణ్ని గురించి అమ్మేవాడు చెడ్డగా రాసే హక్కు కూడా తీసేశారు. ఆ ఫిబ్రవరి 18 నించి 25 దాకా అమ్మకందార్లు బహిష్కరణ జరిపారు. కంపెనీ దిగిరాలేదు.

యెందుకు దిగిరాలేదు? మిల్లులో కార్మికుడు పని ఆపితే మిల్లు ఆగుతుంది. సంతలో వొకడు సరుకు తీసేస్తే పక్కవాడికి పోటీ తగ్గి మంచి ధర వస్తుంది. సమ్మె చేసేవాడి త్యాగం సమ్మె చెయ్యనివాడికి లాభమవుతుంది. పైగా యీ అమ్మకందార్లు వొకరి ముఖం వొకరు చూసి యెరగరు. వాళ్ల మధ్య వున్న వొకే సంబంధం కంపెనీ ద్వారా వుంది. యింకొక సంగతి. 1996నించే ఈబేలో, కొన్నవాడు అమ్మినవాణ్ని గురించి మంచిచెడ్డలు రాసే యేర్పాటుంది. వొకడు పదేళ్లు నిజాయితీగా వ్యాపారం చేసి వందలమంది చేత మంచివాడనిపించుకుంటాడు. ఆ మంచిపేరు తెచ్చుకున్నది అతను, పుట్టించినవాళ్లు అతని ఖాతాదార్లు, దాచిపెట్టుకున్నది కంపెనీ. వేరే సంతకు పోతే ఆ పేరు వెంట రాదు. అక్కడ అతను నిన్న పుట్టినవాడు. రైతును భూమికి కట్టేసిన కాలాన్ని గురించి మనం పాఠాలు చెపుతాం. మనిషిని అతని సొంత మంచిపేరుతోనే కట్టెయ్యవచ్చునని మా మావయ్య వ్యవహారంలో గాని నాకు తెలియలేదు.

ఇటీవల గాలి మళ్లినట్టు కనిపిస్తోంది. ఇళ్లలోని పాతసామాను అమ్ముకునే మామూలు మనుషులకు రుసుములు లేకుండా ఈబే 2023లో జర్మనీలోనూ, మోటారు వాహనాలు మినహాగా 2024లో బ్రిటన్‌లోనూ ప్రకటించింది. ఉచితమైన సంతల పోటీకి తలవొగ్గిందన్నారు. కాని 2025 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ‘కొనుగోలుదారుడి రక్షణ’ పేరుతో కొనేవాడి మీద రుసుము పడింది. జపాన్‌లో పుట్టిన మెర్కారి, అమెరికాలో 2024 మార్చిలో అమ్మేవాడి రుసుము యెత్తేసి కొనేవాడి మీదికి తోసింది. 2025 జనవరిలో నూటికి పది చొప్పున తిరిగి అమ్మేవాడి మీదే పెట్టింది. యీ చిట్కా కూడా ఇంటర్నెట్ కనిపెట్టింది కాదు. లండన్‌లోని పెద్ద వేలంశాలలు సోథ్‌బీస్, క్రిస్టీస్ 1975లోనే కొనేవాడి మీద నూటికి పది వేశాయి. యెవడి జేబులోనించి తీసినట్టు కనిపించినా, తీసేది వొకే మూటలోనించి. కొనేవాడు తను యిచ్చుకోవలసిన రుసుమును మనసులో తగ్గించుకునే పాట పాడతాడు.

మన దేశంలోనూ యిదే నడుస్తోంది. 2000లో మొదలయిన ‘బాజీ’ని 2004లో ఈబే కొన్నది, ఆ భారతీయ ఈబే 2018లో మూతబడింది. ఇప్పుడు వేలంపాటల స్థానంలో నిలకడ ధరల బజార్లు వచ్చాయి. 2021లో మీషో కమీషను లేదని చెప్పి చిన్నవర్తకులను పిలిచింది. కమీషను లేని కంపెనీకి ఆదాయమెలా వస్తుంది? ప్రకటనల ద్వారా, సరుకు చేరవేత ద్వారా వస్తుంది. చోటుకు అద్దె లేదు, వెలుగుకు అద్దె వుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ని గనుక నాకు మాటల మీదికి దృష్టి పోతుంది. ‘వేలం’ పోర్చుగీసు వర్తకుల నోటినించి మనకు వచ్చింది. ‘ఆశీలు’ అరబ్బీ ‘హాసిల్’. వొక మాట వోడ దిగి వచ్చింది, వొకటి కచేరీ మెట్లు దిగి వచ్చింది. రెండూ కలిసి మా వూరి సంతలో స్థిరపడ్డాయి. ఆశీలు వసూలు చేసుకునే హక్కును పంచాయతీ యేటేటా వేలం వేస్తుంది. పాట పాడుకున్నవాడు పాడినదానికి పైన రాబట్టుకోవాలి. నేను హైస్కూల్లో వుండగా వొక యేడు కంట్రాక్టరు పోటీలో పెద్దపాట పాడి, తట్టకు యింతని యెడాపెడా పెంచేశాడు. కూరగాయలమ్ముకునే ఆడవాళ్లు రెండు మంగళవారాలు నోరుమూసుకుని యిచ్చారు. మూడో మంగళవారం వొక్కతట్ట కూడా సంతలో దిగలేదు. అందరూ రోడ్డు కివతల చింతచెట్ల కింద కూచున్నారు. కొనేవాళ్లు సంతకని వచ్చి, చుట్టూ చూసి, చింతచెట్ల కిందికి నడిచారు. మధ్యాహ్నానికి కంట్రాక్టరు దిగివచ్చాడు. పాత ఆశీలు మీద చిన్న పెంపుకు వొప్పందం జరిగింది.

యీ సంఘటన నాకు చాలాకాలం కేవలం విజయగాథగానే గుర్తుంది. మా మావయ్య మాట విన్న తరవాత దాన్ని మళ్లీ ఆలోచించి చూశాను. ఆ ఆడవాళ్లు గెలవటానికి మూడు కారణాలున్నాయి. వాళ్లంతా వొకే ఆటోల్లో, వొకే దారిన వస్తారు గనుక ముందురోజు మాట్లాడుకోగలిగారు. చింతచెట్లు కనుచూపు మేరలో వుండటంవల్ల కొనేవాళ్లు వాళ్ల వెంట రాగలిగారు. వాళ్ల మంచిపేరు వాళ్ల ముఖాల మీదే వుంది, కంట్రాక్టరు పుస్తకంలో లేదు. ఇంటర్నెట్ వేలంలో యీ మూడూ కంపెనీ చేతిలో వున్నాయి. వొకరితో వొకరు మాట్లాడుకునే దారి, కొనేవాడి చిరునామా, అమ్మేవాడి పేరు. రుసుము యెంతన్నది ఆ తరవాతి ప్రశ్న.

కనక మనం అడగవలసింది “ఉచితమా, రుసుమా?” అని కాదు. సంత నడవటానికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు యెవరో పెట్టుకోవాలి. అయితే జనాన్ని పోగుచేసింది కంపెనీ వొక్కటే కాదు. ప్రతి అమ్మకందారూ తన సరుకుతో, తన నిజాయితీతో కొందరిని రప్పించాడు. అందరూ కలిసి రప్పించిన జనాన్ని వొకడు కంచె వేసి, ఆ జనం దగ్గిరికి పోవటానికి రప్పించినవాళ్ల దగ్గిరే రుసుము పుచ్చుకుంటున్నాడు. మావయ్య చెప్పింది నిజమే: ఆశీలు జనానికే. ఆయన చెప్పకుండా వదిలేసింది, ఆ జనంలో ఆయన కూడా వొకడనేది. తన మంచిపేరును వెంటబెట్టుకుని యే సంతకయినా పోగల హక్కు, రుసుము మార్చేముందు అమ్మేవాళ్లను అడిగితీరాలనే నియమం, అమ్మేవాళ్లు సభ్యులుగా వుండే సహకార సంతలు — యివి అడగదగిన కోర్కెలు. వీటికి చట్టాలూ, సంఘాలూ కావాలి. వొంటరివాడికి “వదిలెయ్యి” అని చెప్పటం వీటిలో దేనికీ బదులు కాదు. అది చెప్పేవాడికి ఖర్చులేని సలహా.

యీమధ్య రాజమండ్రి వెళ్లినప్పుడు యీ మాటలన్నీ మావయ్యతో చెప్పాను. ఆయన కవర్లకు జిగురు రాస్తూ విన్నాడు. ఆయన యిప్పటికీ ఆ పాత చోటే సరుకు పెడుతున్నాడు, రుసుము కడుతున్నాడు. అంతా విన్నాక జిగురు సీసా మూత పెట్టి, “మీ సంఘంవాళ్లు సంత పెడితే చెప్పరా, వస్తాను” అన్నాడు.

“అక్కడ ఆశీలు వుండదు మావయ్యా” అన్నాను, పాత అలవాటు కొద్దీ.

“వుండనీ. యిస్తాను. యెంతో మాత్రం నన్ను కూడా అడిగి పెట్టండి.”